కారు అడుగున ఉన్న పేరు

నాకు చదవడం వచ్చి నాలుగేళ్లయింది. చదవడం రాదని అబద్ధమాడి రెండేళ్లయింది. ఆడింది ఎవరితోనో కాదు, నాకు చదువు నేర్పిన మనిషితోనే. ఈ సంగతి మా ఆయనకు తెలుసు, ఆమెకు తెలుసు, నాకు తెలుసు. రాయకపోతే అడిగేవాళ్లు ఎవరూ లేరు. కానీ పేజీల కొద్దీ రాయడం వచ్చాక ముందు రాయాల్సింది ఇదేనని చాలా రోజులుగా అనిపిస్తోంది.

మాది నరసరావుపేట. మా ఆయన ముప్పై ఏళ్లు లారీలకు రంగులు వేశాడు. ఊరి బయట రోడ్డు పక్కన రేకుల షెడ్డు. మిరపకాయల టిక్కీ బస్తాలు లాగే లారీలు, పిడుగురాళ్ల నుంచి సున్నం తోలే లారీలు అక్కడికి వచ్చేవి. వెనక తలుపు మీద తామరపువ్వు, నెమలి, ఓనరు పిల్లల పేర్లు అన్నీ ఆయన చేతివే. ముక్కుకు గుడ్డయినా కట్టుకోకుండా అన్నేళ్లు రంగు పీల్చాడు. చివరికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. డాక్టరు ఇక షెడ్డు వద్దన్నాడు. ఇంట్లో ఖాళీగా కూర్చోలేక కిటికీలకు, కుర్చీలకు, తులసికోటకు, ఆఖరికి నా రోటికి కూడా రంగు వేశాడు. రోటికి వేసినరోజు నేను నోటికొచ్చినట్టు తిట్టాను.

ఆ తర్వాత వచ్చింది ఈ చిన్న కార్ల పని. షెడ్డుకు వచ్చే పాత లారీ ఓనరు ఒకాయన తన అల్లుడి బొమ్మకారు పట్టుకొచ్చాడు. అరచేతిలో పడుతుంది. ప్లాస్టిక్‌ది కాదు, లోహాన్ని అచ్చులో పోసి చేసింది, చేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తుంది. వాటిని డైకాస్ట్ కార్లంటారని తర్వాత తెలిసింది. పందేల్లో తిరిగే కార్లకు నమూనాలట. నేలకు కరుచుకుపోయినట్టు పొట్టిగా, వెనక ఒక రెక్కతో ఉంటాయి. పిల్లలు కాదు, పెద్దవాళ్లే కొని అద్దాల బీరువాల్లో దాచుకుంటారు. ఆ కారు ముందు భాగంలో పెచ్చు లేచిన చోట మా ఆయన రంగు కలిపి వేశాడు. ఎక్కడ వేశాడో నేను వెతికినా కనపడలేదు. దాంతో ఒకరు చెప్పి ఒకరు పంపించడం మొదలుపెట్టారు. ఎర్రదాన్ని నల్లగా చేయమని, చక్రాలు మార్చి కిందికి దించమని, లైట్లు నిజం లైట్లలా చేయమని గుంటూరు నుంచి, మాచర్ల నుంచి, కొరియర్‌లో ఇంకా దూరాల నుంచి డబ్బాలు వచ్చేవి.

ఆ పనిలో సగం నాది. కారును బోర్లా పెడితే అడుగున రెండు రివెట్లు ఉంటాయి. సన్నటి డ్రిల్లు బిట్టుతో వాటి తలలు కొరికేస్తే అడుగు పలక ఊడి వస్తుంది. లోపల సీట్లు, అద్దం ముక్క, చక్రాలున్న ఇరుసులు విడివిడిగా చేతిలోకి వస్తాయి. బాడీని గాజు సీసాలో పెట్టి రంగు ఊడగొట్టే మందు పోస్తే కాసేపటికి రంగంతా మీగడలా ముడతలు పడి లేస్తుంది. పాత టూత్‌బ్రష్షుతో రుద్ది కడిగి, ఆరాక, నీళ్లలో నానబెట్టిన ఎమరీ కాగితంతో నున్నగా చేయాలి. అంతవరకూ నాది. రంగు కొట్టడం ఆయనది. ఇప్పుడు మాస్కు లేకుండా రంగు కొట్టే గన్ను ముట్టనివ్వను. మళ్లీ తలుపుల సందుల్లో నల్లరంగు పారించడం, ముందు లైట్లకు అగ్గిపుల్లతో వెండి చుక్క పెట్టడం నాది. వెల్వెట్ జాకెట్టు గుడ్డను బ్లేడుతో గీకి ఆ నూగు జిగురు మీద చల్లితే కారు లోపల తివాచీ పరిచినట్టుంటుంది. అది నేను కనిపెట్టిందే. పదిహేనేళ్లు మిరపకాయలకు తొడాలు తీసిన వేళ్లు ఇవి. ఎంత చిన్న వస్తువైనా భయం లేదు.

భయమంతా కాగితమంటేనే. ప్రతి డబ్బాలో ఏం చేయాలో రాసిన చీటీ ఉండేది. ఏ చీటీ ఏ కారుదో నాకు తెలిసేది కాదు. ఒకసారి రెండు చీటీలు తారుమారు చేశాను. పసుపు వేయాల్సిన కారుకు నీలం, నీలం వేయాల్సినదానికి పసుపు పడ్డాయి. మా ఆయన నవ్వాడు. ఆ నవ్వుకే నేను గోడ దగ్గరికెళ్లి పక్కింటి వదినను పిలిచాను.

మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఆమెను నేను వదినా అంటాను, ఆమె నన్ను వదినా అంటుంది. చుట్టరికం ఏమీ లేదు. సాయంత్రాలు చిన్నపిల్లలకు ట్యూషన్ చెప్పేది. ఆమె భర్త బజారులో స్టీలు సామాన్ల కొట్టులో పేర్లు చెక్కేవాడు. పెళ్లికో గృహప్రవేశానికో గిన్నె ఇస్తే ఇచ్చినవాళ్ల పేరు అంచు మీద చెక్కిస్తాం కదా, ఆ చెక్కే మనిషి. కరెంటు పెన్ను జుయ్యిమంటుంటే చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోయేవాడు. మా వీధిలో ఆయన చుక్కలు లేని వంటిల్లు లేదు. నేను చదువు మొదలుపెట్టేనాటికే ఆయన పోయి అయిదేళ్లు దాటింది.

"యాభై దాటినాక చదువేంది అంటారేమో వదినా," అన్నాను మొదటిరోజు.

"ఎవురంటారు? అన్నోళ్లని నా దగ్గరికి పంపు, వాళ్లచేత ఎక్కాలు చెప్పిస్తా," అన్నది.

రెండు ఎండాకాలాలు పట్టింది. మధ్యాహ్నం పూట ఆమె వరండాలో పలక పట్టుకుని కూర్చునేదాన్ని. గుణింతాలు వచ్చాక ఆమె నన్ను ఇంటికి పంపి గిన్నెలు చదవమన్నది. వంటింట్లో ఉన్నవన్నీ దించి, కిటికీ దగ్గర వెలుతురులో తిప్పుకుంటూ చదివాను. మేనత్త పేరు, మా ఆయన మేనమామ పేరు. ఒక బేసిన్ మీద మాత్రం వెనక వీధి పిన్ని పేరు ఉంది. ఏదో పేరంటానికి తెచ్చుకుని తిరిగివ్వనిది. పదేళ్లు దాంట్లో నేను పిండి కలుపుకున్నాను. పట్టుకెళ్లి ఇస్తే ఆ పిన్ని బేసిన్ని అటూ ఇటూ తిప్పి, "నువ్వా తీసింది. నేను మా తోడికోడలిని తిట్టుకుంటున్నా గదే ఇన్నాళ్లూ," అన్నది. ఆ సంగతి విని వదిన కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. "చదువొస్తే ఇదే వదినా తంటా," అన్నది.

చదవడం వచ్చిందంటే వచ్చింది. కానీ నెమ్మది. అచ్చు అక్షరాలైతే పరవాలేదు, చేతిరాత అయితే ఒక్కో అక్షరం దగ్గర ఆగి కూడబలుక్కోవాలి. మా ఆయన ముందు చదివితే, "బండి ఇంకా ఫస్ట్ గేర్లోనే ఉందే," అనేవాడు. హాస్యానికే అనేవాడు. నాకు మాత్రం ఒళ్లు ముడుచుకుపోయేది. ఆయన లేనప్పుడే చదువుకునేదాన్ని.

రెండేళ్ల కింద వదిన కూతురు సత్తెనపల్లిలో ఉద్యోగం చేసుకుంటూ సొంతంగా కారు కొనుక్కుంది. ఆ పిల్లకు చిన్నప్పుడు బొమ్మలొద్దు, వంటసామానొద్దు, కార్లే కావాలి. వాళ్ల నాన్న గుంటూరు నుంచి ఎర్రటి రేసుకారు తెచ్చిచ్చాడు. ఆ రోజుల్లో వాళ్ల స్థితికి అది పెద్ద వస్తువే. ఇన్నేళ్లూ వదిన దాన్ని బీరువాలో దాచింది. ఎరుపు పోయి అక్కడక్కడా తెల్లలోహం బయటపడింది, ఒక చక్రం వంకర పోయింది. దాన్ని కొత్తదానిలా చేయించి, కూతురు కారులో ముందు అద్దం కింద పెట్టాలని ఆమె ఆశ. కూతురికి చెప్పలేదు.

ఆ కారు ఒక స్వీటు డబ్బాలో పెట్టి, మీద దూది కప్పి ఆమె తెచ్చింది. డబ్బాలో మడత పెట్టిన కాగితం ఉంది.

"అన్నీ రాశా వదినా. నీకే రాశా, అన్నయ్యకు కాదు," అని నా చేతికి ఇచ్చి, ట్యూషన్ పిల్లలు వచ్చే వేళయిందని వెళ్లిపోయింది.

నా జన్మలో నా పేరిట వచ్చిన మొదటి ఉత్తరం అది. విప్పితే పైన 'వదినా' అని ఉంది. ఆ ఒక్క మాట చూడగానే చదివేశాను. కిందంతా గొలుసుకట్టు రాత. పలక మీద నాకు రాసిపెట్టే రాత కాదు, ఆమె తన కోసం రాసుకునే రాత. నన్ను చదువుకున్నదానిగా లెక్కగట్టి అలా రాసింది. అది నాకు అప్పుడు తట్టలేదు. అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని పరిగెత్తుతున్నాయి.

మా ఆయన చేతులకు రంగు పూసుకుని ఉన్నాడు. "ఏమే, ఏం రాసింది? చదువు, చదువుకున్నావుగా," అన్నాడు.

కూడబలుక్కుంటే ఫస్ట్ గేరు అంటాడు. కాగితంలో ఎక్కడో 'ఎరుపు' అన్న మాట కనపడింది.

"మామూలే. ఎరుపే వేయమంది. చక్రం సరిచేయమంది," అన్నాను. చూపు పై నుంచి కిందికి దించి, చదివినట్టే మడత పెట్టి, డబ్బాలో వేశాను. తర్వాత తీరిగ్గా చదువుకుందాంలే అనుకున్నాను.

మర్నాడు మా ఆయన బెల్లంకొండలో చుట్టాలింటికి వెళ్లాడు. నేను కారు విప్పడానికి కూర్చున్నాను. బోర్లా తిప్పితే అడుగు పలక కూడా లోహానిదే. మురికి పట్టి ఉంది. తడిగుడ్డతో తుడిస్తే చుక్కలు కనపడ్డాయి. వదిన కూతురి పేరు. దాని కింద చిన్నగా 'నాన్న' అని. బడికి తీసుకెళ్తే పోతుందని గిన్నె మీద చెక్కినట్టే చెక్కాడన్నమాట. నేను ఆగకుండా చదివేశాను. అంత చిన్న చుక్కల్ని, అంత మురికిలో ఒక్క ఊపులో చదివినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఎవరూ చూడలేదే అని కూడా అనుకున్నాను.

ఆ గర్వంలోనే నాకు ఆ ఆలోచన వచ్చింది. ఈ పేరు మాసిపోయింది, సగం చుక్కలు అరిగిపోయాయి. దీన్ని తీసేసి ఇదే చోట నా చేత్తో, సన్న కుంచెతో, బంగారు రంగుతో ఆ పిల్ల పేరు రాసిస్తే? నేర్పిన మనిషికి నేర్చుకున్నది చూపించినట్టవుతుంది. వదిన తిప్పి చూసి, ఇది ఎవరు రాశారంటే, నేనే వదినా అని చెప్పొచ్చు. ఆ మాట ఎలా అనాలో కూడా రెండుసార్లు పైకి అనుకుని చూసుకున్నాను.

పాత పేరు తీసేయడం నాకు తప్పనిపించలేదు. అది మన ఇళ్లలో మామూలే. మా ఆడబిడ్డ పెళ్లి బిందె మీద పేరు తప్పు పడితే నేనే కొట్టుకు తీసుకెళ్లాను. వదిన భర్తే ఆ పేరును రాయితో రుద్ది చెరిపి కొత్తది చెక్కాడు. "పాత పేరు మీదే వేస్తే రెండూ చదవలేమమ్మా. ముందు నున్నగా చేయాలి," అని ఆయనే నాకు చెప్పాడు. ఆయన చెప్పినట్టే చేశాను.

గరుకు ఎమరీతో మొదలుపెట్టాను. లోహం మెత్తనిదే అయినా చుక్కలు లోతుగా ఉన్నాయి. అన్నానికి లేవకుండా రుద్దాను. ముందు 'నాన్న' పోయింది, చిన్న అక్షరాలు గనక. తర్వాత పేరులో మధ్య అక్షరాలు. ఆఖరున మొదటి అక్షరం తలకట్టు చివర ఒక్క చుక్క మిగిలింది. అది మిగతావాటికన్నా లోతుగా ఉంది. ఎందుకు అంత లోతుగా పెట్టాడో అనుకుంటూ దాన్ని కూడా రుద్దేశాను. నీళ్లు పోసి కడిగితే పలక అద్దంలా ఉంది. నా ముఖం మసకగా కనపడింది.

రంగు కలుపుకుని కుంచె పట్టుకున్నాక, ఆ పిల్ల పూర్తి పేరు వాళ్లమ్మ ఎలా రాస్తుందో చూసి అలాగే రాద్దామని డబ్బాలో కాగితం తీశాను. ఇంట్లో ఎవరూ లేరు. వేలు పెట్టుకుని, ఆగుతూ, వెనక్కి వెళ్తూ, మొత్తం చదివాను. అందులో ఇలా ఉంది.

"వదినా, పైన ఆ ఎరుపే వేయించు. అద్దాలు మార్చొద్దు, పాతవే ఉండనీ. అడుగున ఆయన చెక్కిన పేరు మాత్రం ముట్టుకోవద్దు. ఊళ్లో అందరి పేర్లూ చెక్కాడు. మా పిల్ల పేరు ఆయన చెక్కింది అదొక్కటే."

ఇంకో రెండు ముక్కలు ఉన్నాయి, వాటిని ఇక్కడ రాయను. కుంచె మీద బంగారు రంగు ఎండిపోయింది.

అన్ని గిన్నెలు చదివినదాన్ని, ఆ చుక్కల విలువ నాకెందుకు తట్టలేదని ఇప్పటికీ నన్ను నేనే అడుగుతుంటాను. చదవడం కొత్తగా వచ్చినవాళ్లకు అక్షరం అంటే అక్షరమే. అది 'క'నా 'గ'నా అన్నదే గొడవ. దాని వెనక ఒక చెయ్యి ఉంటుందని, ఆ చెయ్యి మళ్లీ రాదని నాకు అప్పటికి తెలియదు. ఇది నన్ను నేను సమర్థించుకోవడానికి కాదు. కాగితం నా దగ్గరే ఉంది. చదివే ఓపిక లేదు, చదవలేనని ఒప్పుకునే ధైర్యమూ లేదు.

మా ఆయన వచ్చాక అడుగు పలక ఆయన చేతికిచ్చి, "దీనికి నల్లరంగు కొట్టు," అన్నాను.

"అడుగెవరు చూస్తారే?"

"కొట్టు."

కొట్టాడు. బాడీకి ఎరుపు మూడు కోట్లు వేసి, మెరుపు వేశాడు. నేను తలుపుల గీతలు తీశాను, లైట్లకు చుక్కలు పెట్టాను, లోపల మెరూన్ నూగు చల్లాను. నా చేతిలో అంత బాగా వచ్చిన కారు అంతకుముందు లేదు, ఇప్పటికీ లేదు. ఎంత బాగా చేస్తే అంత తక్కువ అడుగుతుందన్న ఆశ ఏమో.

నాలుగోరోజు మధ్యాహ్నం వదిన వచ్చింది. మా ఆయన నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆమె కారును రెండు చేతుల్లో పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. "అన్నయ్యా, ఇది మాదేనా? కొట్లో కొత్తది కొనుక్కొచ్చారా ఏంది?" అన్నది. చానా బాగుందని రెండుమూడుసార్లు అన్నది. తర్వాత నింపాదిగా, తెలిసిన పేజీ తిప్పినట్టు, బోర్లా తిప్పింది.

బొటనవేలితో నల్లరంగు మీద తడిమింది. ఆ వేలు ఇంకా నా కళ్లముందుంది.

"పేరేది వదినా?"

"ఏ పేరు?"

"ఇక్కడ చుక్కలుండాలి గదా. మీ అన్నయ్య చెక్కింది."

చెప్పడానికి నాకు ఒక్క క్షణం దొరికింది. ఆ క్షణంలో చెప్పి ఉంటే ఇది ఇంత పెద్ద కథ అయ్యేది కాదు. నేను అన్నాను, "అది పేరా వదినా? గీతలనుకున్నా."

"కాగితంలో రాశా గదా."

"నీ రాత గొలుసుకట్టు గదా వదినా. నాకు అంత రాత చదవడం ఎక్కడొచ్చు? ఎరుపన్న మాటొక్కటే పోల్చుకున్నా."

మా ఆయన నన్ను చూశాడు. నేను ఆయన వైపు చూడలేదు.

వదిన కారును మళ్లీ నిలబెట్టి, దూదిలో పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. "తప్పు నాదే వదినా," అన్నది. "నీకెంత వచ్చో తెలిసుండీ అట్టా బరికిచ్చా. నోటితో ఒక మాట చెప్పిపోతే పోయేది. నా తొందర." చెంగుతో కళ్లు తుడుచుకుని, "నువ్వేం మనసులో పెట్టుకోబాక," అని నన్నే ఓదార్చింది. డబ్బా చంకన పెట్టుకుని వెళ్లింది.

గేటు చప్పుడయ్యాక మా ఆయన అడిగాడు. "ఆ రోజు నాకు చదివి చెప్పావు గదే. ఇయ్యాల చదవలేదంటున్నావు. ఏది అబద్ధం?"

"రెండూ," అన్నాను.

ఆయన చాలాసేపు దగ్గాడు. "పోయి చెప్పు," అన్నాడు.

"చెప్తాలే."

"నే ఫస్ట్ గేరన్నందుకా?"

 ఆ తర్వాత ఆయన ఆ మాట ఎన్నడూ అనలేదు. అది నాకు ఇంకో శిక్ష.

చెప్పలేదు. మూడోరోజు వదినే వచ్చింది. చంకలో పలక, చేతిలో ఒకటో తరగతి వాచకం. "తొందరపడి ముందుకు లాక్కుపోయా వదినా. పునాది గట్టిగా లేదు. మళ్లీ మొదట్నుంచి పట్టిస్తా. ఈసారి చేతిరాత కూడా," అన్నది.

అప్పుడైనా చెప్పొచ్చు. మా వరండాలో ఆమె ముందు కూర్చున్నాను. పదకొండు రోజులు కూర్చున్నాను.

వచ్చిన అక్షరాన్ని రానట్టు చదవడం ఎంత కష్టమో ఎవరికీ తెలియదు. 'పలక' అని చూడగానే నోటి దాకా వస్తుంది. దాన్ని మింగి, "ప... ల..." అని ఆగాలి. మరీ ఆగితే ఆమె దిగులుపడుతుంది, ఆగకపోతే నా గుట్టు బయటపడుతుంది. ఎంతసేపు ఆగాలో ముందే లెక్క వేసుకునేదాన్ని. ఆమె నా వేలు పట్టుకుని అక్షరం మీద తిప్పేది. "పరవాలేదు, వచ్చుద్ది, వచ్చుద్ది," అనేది. ఆమెను వెతుక్కుంటూ వచ్చిన ట్యూషన్ పాప, ఒకటో తరగతిది, మా గుమ్మంలో నిలబడి నాకు అందించబోతే, "నువ్వుండవే, ఆమెను చెప్పనీ," అని కసిరేది. ఒక్కో రోజు ఆమె గొంతు బొంగురు పోయేది. వేడినీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టేది. భర్త చేతిరాత పోగొట్టుకున్న మనిషి దాన్ని చెరిపినదాని చెయ్యి పట్టుకుని దిద్దిస్తోంది. ఆమె వెళ్లాక నేను ఎమరీ కాగితం ముట్టుకోలేకపోయేదాన్ని. కార్లు విప్పకుండా డబ్బాల్లోనే ఉండిపోయాయి. మా ఆయన అడగలేదు.

పదకొండోరోజు ఆమె పుస్తకం మూసేసింది. "ఇది బోరు కొట్టింది. ఉండు," అని మా వంటింట్లోకి వెళ్లి, నేను నీళ్లు తాగే స్టీలు గ్లాసు తెచ్చింది. మా గృహప్రవేశానికి మా పుట్టింటివాళ్లు నా పేరు చెక్కించి ఇచ్చిన గ్లాసు. చెక్కింది ఆయనే.

"ఇది చదువు. తెలిసిన పేరే," అని కొద్దిగా నవ్వింది.

గ్లాసు తిప్పాను. నా పేరు. మొదటి అక్షరం తలకట్టు చివర ఒక చుక్క, మిగతావాటికన్నా లోతుగా. ఆ చుక్క నాకు తెలుసు. దాని తోడుదాన్ని నా చేత్తోనే రుద్దాను, ఆఖరున. మొదటి అక్షరం పూర్తికాగానే పెన్ను అక్కడ గట్టిగా ఆనించడం ఆయన అలవాటన్నమాట. ఊళ్లో ప్రతి గిన్నె మీదా ఆ చుక్క ఉండే ఉంటుంది.

నా పేరును నేను కూడబలుక్కోవాలి. ఎంతసేపు ఆగాలో లెక్క వేసుకోబోయాను. నోరు ఆగలేదు. పేరు మొత్తం ఒకేసారి చదివేశాను. దాని కింద ఉన్న మా నాన్న పేరు, ఊరు కూడా చదివేశాను.

వదిన నా ముఖం చూసింది.

"గీతలనుకోలేదు వదినా," అన్నాను. "పేరనే తెలుసు. నాన్న అని కూడా చదివాను. చదివే రుద్దాను. నా చేత్తో రాసి నీకు చూపిద్దామని. నీ కాగితం తర్వాత చదివాను, మొత్తం."

ఆమె గ్లాసు నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టింది. పేరు గురించి అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"అయితే ఈ పదకొండు రోజులూ?"

నేను తల దించుకున్నాను.

"పదకొండు రోజులు నా చేత అఆలు చెప్పించావా వదినా? నీ వేలు పట్టుకున్నాను. నా గొంతు పోయింది. నీకు రాలేదే, నేనెక్కడ తప్పు చెప్పానా అని ఇంటికెళ్లి ఏడ్చాను. అన్నీ వచ్చుండీ కూర్చున్నావా?"

"వదినా..."

"పేరు పోయిందంటే పోయింది, తెలియక చేశావు, మంచికే చేయబోయావు. అది నేను ఓర్చుకున్నా. ఇది ఎట్టా ఓర్చుకోను?"

పలక, పుస్తకం తీసుకుని లేచింది. గోడ పక్కగా నడిచి వెళ్లింది. ఆ సాయంత్రం ట్యూషన్ పిల్లలకు ఆమె ఎక్కాలు చెప్పడం వినపడింది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

మా ఆయన ఒక మాట అన్నాడు. వీధిలో గిన్నెల మీది అక్షరాలు చూసి, ఆ పిల్ల పేరులోని అక్షరాలు ఏరి, అచ్చం అలాగే అడుగు పలక మీద చెక్కిస్తానని. నేను గోడ దగ్గర నిలబడి ఆ మాట చెప్పాను. వదిన బట్టలు ఆరేస్తోంది. "వద్దు," అన్నది. "చూసినప్పుడల్లా అది నీ పనే అనిపిచ్చుద్ది." అంతే. కారు ఆ పిల్ల కారులో ముందు అద్దం కింద ఉంది. ఆ పిల్ల సత్తెనపల్లి నుంచి వచ్చినప్పుడు చూశాను. "అత్తా, ఎంత బాగా చేశావో," అని నా చేతులు పట్టుకుంది. అడుగున పేరు ఉండేదని ఆ పిల్లకు గుర్తుందో లేదో నేను అడగలేదు. వదిన చెప్పలేదని మాత్రం అర్థమైంది. అది ఆమె నాకు చేసిన మేలో, కూతురికి చేసిన మేలో తెలియదు.

ఏడాదికి పైగా మాట లేదు. ఎదురుపడితే తల ఊపేది. నేను కార్ల పని మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడు ఏ డబ్బా వచ్చినా ముందు చీటీ తీసి, మా ఆయన ముందే, వేలు పెట్టుకుని, అక్షరం అక్షరం పైకి చదువుతాను. ఆగాల్సిన చోట ఆగుతాను. ఆయన గన్ను పక్కన పెట్టి, అయ్యేదాకా వింటాడు. అడుగున ఏ చిన్న గీత ఉన్నా ఫోటో తీసి పంపించి, ఉంచాలా తీయాలా అని అడుగుతాను. ఒకాయన విసుక్కున్నాడు కూడా, అది ఉత్త గీతేనమ్మా అని.

మొన్న చలికాలంలో ఒక మధ్యాహ్నం గోడ మీద స్టీలు గిన్నె కనపడింది. మూతపెట్టిన గోంగూర పప్పు. మూత కింద కాదు, మూత పైన, ఎగిరిపోకుండా ఒక మిరపకాయ బరువు పెట్టి, చిన్న కాగితం. గొలుసుకట్టు రాత. మా ఆయన అన్నానికి కూర్చున్నాడు. నేను ఆయన పక్కన నిలబడి పైకి చదివాను.

"గిన్నె తోమి పంపు."

'వదినా' అని పైన లేదు. నేను రెండోసారి కూడా వెతికాను.

పప్పు తిన్నాక గిన్నె కడగడానికి కూర్చున్నాను. అంచున ఎవరిదో పేరు, వాళ్ల పెళ్లికి వచ్చినవాళ్లది. మొదటి అక్షరం తలకట్టు చివర ఆ చుక్క ఉంది. స్టీలు పీచు తీసి పక్కన పడేశాను. చింతపండు నీళ్లు చేసి, మెత్తటి గుడ్డతో, అంచు దగ్గరికి వచ్చేసరికి గుడ్డ కూడా వదిలేసి వేలితో కడిగాను. తుడిచి, ఆరబెట్టి, గోడ మీద పెట్టాను. అవతల ఆమె ఉందో లేదో చూడలేదు. కాసేపటికి గిన్నె తీసిన చప్పుడు వినపడింది.